నాలుగు వందల పన్నెండు

హెక్సమ్‌లో నవంబరు.
బెట్టింగ్ షాపు తలుపు తోసుకుని
మొదట వాన వస్తుంది, తరవాత విల్ఫ్ చార్ల్‌టన్.
ముప్ఫయ్యేళ్ళు రైల్వే సిగ్నల్ గదిలో కూర్చున్నవాడు.
రాబోయేదాన్ని ముందే చూడ్డం అతనికి అలవాటు,
దాని వెంట పరిగెత్తడం కాదు.

చెవి వెనక నుంచి బొటనవేలంత పెన్సిలు తీస్తాడు.
పేపరు పరుస్తాడు, జాతకం చూసేవాడిలా కాదు,
చేటలో బియ్యం పోసుకుని రాళ్ళేరేవాడిలా.
"గెలిచేదాన్ని వెతక్కు, పెట్.
ఓడేవాటిని ముందు ఏరి పారెయ్."

రెండున్నర మైళ్ళు, పదకొండు గుర్రాలు.
ఒక్కోదాని పేరు పక్కన ఒక వరస.
కుడి చివరిది నిన్నటిది, ఎడమకి పోయేకొద్దీ పాతవి.
ఎఫ్ అంటే పడింది. యు అంటే మనిషిని పడేసింది.
పి అంటే మధ్యలో ఆపేశారు,
ఎందుకు ఆపారో రాయరు.
సున్నా అంటే పదో స్థానమో, ఇంకా వెనకో.
సున్నా కూడా చివరిదాకా వచ్చిందన్నమాటే
అని నాకు తట్టడానికి ఏడాది పట్టింది.

చదును నేల మీద గెలిచినవి నాలుగు, కొట్టేశాడు.
"ఇక్కడ ఆఖర్న కొండ ఎక్కాలి.
చదునులో దాచుకోని ఊపిరి
ఇక్కడెవడు అప్పిస్తాడు?"
ఎండిన నేల మీద తప్ప నవ్వని కెప్టెన్ ప్లమ్, గీత.
పోయినవారం గెలిచినందుకు
ఏడు పౌన్ల సీసం జీనులో మోస్తున్నది ఒకటి,
గెలుపుకి కూలీ బరువే. గీత గీయబోయి ఆగి
చుక్క పెట్టాడు.

చివరికి మూడు మిగిలాయి.
మూడోది థింబుల్ లేన్: రెండు, పి, పి, సున్నా.
గుంటూరులో బీకాం చదివిన నాకు
అంకెలు కూడ్డం తెలుసు.
"దీన్నెందుకు ఉంచావు?"
పెన్సిలు మొన ఆ 'రెండు' మీద ఆనించాడు.
కిందటేడు జనవరి, ఇదే కొండ, ఇదే బురద,
మెడంత తేడాలో పోయింది.
"కొండని ఇది మరిచిపోయిందంటావా?"

పేరు పక్కన చీమకాలంత అక్షరాల్లో 412.
చివరిసారి పరిగెత్తి అన్ని రోజులు.
అన్నాళ్ళూ ఎక్కడుందో?
కాలికి కట్టుతో ఏ పచ్చికలో నిలబడిందో,
ఎన్ని చేతులు మారిందో,
ఎవరైనా రాత్రిపూట లాంతరు పట్టుకెళ్ళి చూశారో లేదో.
అంకె అంతవరకే చెప్తుంది.

ఈ వేసవిలో విల్ఫ్ షాపుకి రాలేదు.
నేను రోజులు లెక్కపెట్టాను. పైకి అనలేదు.
వచ్చేసరికి కాలరు మెడకి వదులైంది.
టీ పోశాను, మామూలుగానే రెండు చెంచాల చక్కెర.
కప్పు అందుకుంటూ అతను
నా వేలి మీద ఉంగరం లేని తెల్ల చారని చూశాడు.
"ఈ రోజు నేల మెత్తగా ఉంటుంది" అన్నాడు.

రెండు పౌన్లు, గెలుపు మీదే.
తెర మీద పదకొండూ ఒకే బురద రంగు.
కొండ మొదట్లో థింబుల్ లేన్ అందరికన్నా వెనక,
సగంలో ఒకదాన్ని దాటింది, ఇంకోదాన్ని,
ఎవరూ అరవడం లేదు, ముందున్న గుర్రాలకే కేకలు.
గెలిచింది కెప్టెన్ ప్లమ్.
బురదలోనే, పళ్ళన్నీ బయటపెట్టి.

విల్ఫ్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"బియ్యం పారబోసి రాయి వండుకున్నాను, పెట్."
టీ తాగేసి, ఓడిన చీటీ
బిల్లు కాగితంలా పదిలంగా మడిచి జేబులో పెట్టుకుని
బస్సు వేళైందని వెళ్ళిపోయాడు.

బల్ల తుడవబోతే అతని పేపరు.
థింబుల్ లేన్ వరస చివర, సున్నా పక్కన
పెన్సిలుతో ఒక అయిదు.
412 కింద, అంచులో,
ఇంకా చిన్నగా, 61.

నేను లెక్కపెట్టిన రోజులూ అన్నే.

దాని మీద గీత లేదు. పక్కన చుక్క లేదు.
ఎలక్ట్రిక్ కెటిల్ ఇంకా వేడిగానే ఉంది.
పేపరు చెత్తబుట్టలో వెయ్యకుండా
కౌంటరు సొరుగులో పెట్టి
షట్టరు దించాను.